కొట్టు ఊళ్లో, పేరు ఫోనులో

ఆత్రేయపురం: ఒకప్పుడు ఇక్కడ బస్సు దిగిన కొత్త మనిషి ముందుగా వెళ్లేది టీ కొట్టు దగ్గరకు. "ఏమండీ, మంచి పూతరేకులు ఎవరి దగ్గర దొరుకుతాయండీ?" అని అడిగేవాడు. "ఆయ్, ఆ సందులోకెళ్లి కుడిచేతి వైపు తిరగండి. నెయ్యి దగ్గర కక్కుర్తి పడని మనుషులండి వాళ్లు" అని టీ కొట్టాయన చెప్పేవాడు. ఆ ఒక్క మాటతో సగం బేరం అయిపోయేది. చెప్పినందుకు ఆయనకు కమీషను లేదు. తప్పు చెబితే రేపటినుంచి తనను ఎవరూ అడగరన్న భయం మాత్రం ఉండేది.

ఇప్పుడు కొత్త మనిషి బస్సు దిగి అడగడం లేదు. రావులపాలెం దాటకముందే కారులో కూర్చుని సెల్‌ఫోనును అడుగుతున్నాడు. ఫోను మూడు నాలుగు పేర్లు చూపిస్తుంది. పేరు పక్కన నక్షత్రాలు, కొట్టు ఎంత దూరమో, ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుందో అన్నీ చెబుతుంది. "నాలుగున్నర నక్షత్రాలున్న చోటికి పోదాం" అంటాడు వెనకసీటులో కూర్చున్న పిల్లవాడు. తాతల నాటినుంచి రేకులు తీస్తున్న ఇల్లు ఆ నాలుగు పేర్లలో లేకపోతే, ఆ కారుకు సంబంధించినంత వరకు ఆ ఇల్లు ఊళ్లో లేనట్టే.

ఆత్రేయపురం పూతరేకులకు 2023 జూన్‌లో భౌగోళిక గుర్తింపు లభించింది. వేరే ఊరివాళ్లు ఇష్టం వచ్చినట్టు ఈ పేరు పెట్టి అమ్ముకోకుండా అది అడ్డుపడుతుంది. ఊరి పేరుకు అది రక్ష. అయితే ఊళ్లోని ఏ ఇంటి పేరు ఫోనులో పైకి రావాలన్నది ఆ గుర్తింపు పని కాదు. బోర్లించిన కుండ మీద తడిగుడ్డ పరిచి తీసి రేకు వేసే స్త్రీల చేతివాటం ఎంత గొప్పదైనా సరే, ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండకపోతే ఫోనుకు తెలిసే మార్గం లేదు.

ఇది పూతరేకుల ఊరికే పరిమితమైన గొడవ కాదు. కడియం నర్సరీల వాళ్లకు, అమలాపురంలో ఆసుపత్రి పెట్టిన డాక్టరుకు, రాజోలులో కొబ్బరి వ్యాపారికి, కొత్తపేటలో ట్రాక్టరు మెకానిక్కుకు, పెళ్లిళ్లకు వంట చేసే వారికి అందరికీ ఇదే పరిస్థితి. పేరు నిలబెట్టుకోవడం ఎప్పుడూ కష్టమే. ఇప్పుడు ఆ పేరు తమ కంటికి కనపడని చోట, తమకు తెలియనివాళ్ల చేతుల్లో ఉండటం కొత్త కష్టం.

ఫోను ఎవరి మాట వింటుంది?

ఇంటర్నెట్టులో వెతికిపెట్టే కంపెనీలు కొన్ని ఉన్నా మన ప్రాంతంలో వెతకడమంటే గూగులే. 1998లో అమెరికాలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు దీనిని కంపెనీగా ప్రారంభించారు. వారి కిటుకు పల్లెటూరి వాళ్లకు కొత్తది కాదు. ఊళ్లో పెద్దమనిషి ఎవరంటే, ఎక్కువమంది ఎవరి వైపు చెయ్యి చూపిస్తారో ఆయనే. అందులోనూ పదిమందిలో మాట చెల్లేవాళ్లు చెయ్యి చూపిస్తే ఇంకా విలువ. అదేవిధంగా ఇంటర్నెట్టులో ఒక పేజీని మరెన్ని పేజీలు చూపిస్తున్నాయి, చూపిస్తున్నవి ఎంత పేరున్నవి అని లెక్కగట్టి ఏది ముందు పెట్టాలో తేల్చారు. ఆ తర్వాత ఆ లెక్కలోకి మరెన్నో విషయాలు వచ్చి చేరాయి గాని మూలం అదే.

దగ్గరలోని కొట్టు, ఆసుపత్రి వంటివి వెతికినప్పుడు మాత్రం ముఖ్యంగా మూడు సంగతులు చూస్తామని గూగుల్ చెబుతోంది. అడిగినదానికీ, కొట్టులో అమ్మేదానికీ సంబంధం ఉందా అన్నది ఒకటి. అడిగిన మనిషికి కొట్టు ఎంత దూరమన్నది రెండోది. ఆ కొట్టుకు నలుగురిలో ఎంత ప్రాచుర్యం ఉందన్నది మూడోది. దూరం ఎవరి చేతిలోనూ లేదు. రావులపాలెం నుంచి అడిగినవాడికి ఒక జాబితా, రాజమహేంద్రవరం నుంచి అడిగినవాడికి మరో జాబితా రావడం అందుకే. "మా కొట్టు మొదట వచ్చింది" అని తన కొట్టులోనే కూర్చుని ఫోను చూసి సంతోషించే యజమాని ఈ సంగతి గమనించాలి. కొట్టులో కూర్చుని అడిగితే దూరం లేదు కదా!

మిగతా రెండూ యజమాని చేతిలో కొంతవరకు ఉన్నాయి. ఏం అమ్ముతారో స్పష్టంగా రాయాలి. "స్వీట్లు" అని ఊరుకుంటే చాలదు. బెల్లం పూతరేకులా, పంచదారవా, జీడిపప్పు వేసినవా, కొరియరులో పంపుతారా, ఆదివారం తెరుస్తారా అన్నీ ఉండాలి. ఫోటోలు కొట్టువే అయి ఉండాలి. ఎవరో తీసిన తళుకుబెళుకుల ఫోటో పెడితే వచ్చినవాడు గుమ్మంలోనే నిరుత్సాహపడతాడు. కొట్టు పేరు బోర్డు మీద ఎలా ఉందో ఫోనులోనూ అలాగే ఉండాలి. పేరు వెనక "ఆంధ్రాలో బెస్ట్, నెంబర్ వన్, చీప్ రేట్" అని తోకలు తగిలించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే తోక కత్తిరిస్తారు. ఒక్కోసారి పేరు మొత్తం కనపడకుండా నిలిపివేస్తారు.

పేరు నమోదుకు పైసా ఖర్చు లేదు. స్థానం పెంచడానికి డబ్బు తీసుకోవడం కూడా ఉండదని గూగుల్ స్పష్టంగా చెబుతోంది. డబ్బు కట్టి వేయించుకునే ప్రకటనలు వేరు. వాటిమీద "స్పాన్సర్డ్" అన్న మాట ఉంటుంది. అది చిన్న అక్షరాలలో ఉండటంవల్ల చాలామంది ప్రకటననే మొదటి స్థానం అనుకుంటారు.

మరో మార్పు కూడా వచ్చింది. మన దేశంలో 2024 ఆగస్టు నుంచి కొన్ని ప్రశ్నలకు గూగుల్ పేజీల జాబితాకు పైన తానే ఒక జవాబు అల్లి చూపిస్తోంది. అక్కడా ఇక్కడా రాసి ఉన్నవి చదివి, వాటిని కలిపి యంత్రం చెప్పే జవాబు అది. ఒక్కోసారి తప్పు కూడా చెబుతుంది. అందులో పేరు రావాలన్నా ముందు ఎక్కడో ఒకచోట సరైన వివరాలు రాసి ఉండాల్సిందే.

పట్టా ఎవరి పేరున ఉంది?

చాలామంది వ్యాపారులకు తెలియని విషయం ఒకటుంది. వారు నమోదు చేయించుకోకపోయినా వారి కొట్టు ఇప్పటికే గూగుల్ మ్యాపులో ఉండవచ్చు. దారినపోయే ఎవరైనా ఒక చోటును మ్యాపులో చేర్చవచ్చు. ఫోను నెంబరు తప్పుగా ఉందని, వేళలు మారాయని, ఆఖరికి కొట్టు మూతపడిందని కూడా ఎవరైనా సూచన పంపవచ్చు. మంచి ఉద్దేశంతో పెట్టిన ఏర్పాటే. రోడ్డు మీద మార్పులు చూసేది జనమే కదా. అయితే యజమాని లేని పొలంలోకి పశువులు ముందుగా వస్తాయి. తనదని చెప్పుకునేవాడు లేని కొట్టు వివరాలు ఎవరు మార్చినా అడిగే దిక్కుండదు.

ఇది ఊహ కాదు. 2018లో మహారాష్ట్రలో మోసగాళ్లు గూగుల్ మ్యాపులో బ్యాంకు శాఖల ఫోను నెంబర్లు తీసేసి తమ నెంబర్లు పెట్టారు. ఖాతాదారులు బ్యాంకనుకుని ఫోను చేస్తే అవతలివాడు మర్యాదగా మాట్లాడి ఏటీఎం కార్డు వివరాలు, రహస్య అంకెలు రాబట్టాడు. బ్యాంకుకే అలా జరిగినప్పుడు సందులో ఉన్న మిఠాయి కొట్టు గతి వేరే చెప్పనక్కరలేదు. నెంబరు మారితే పండగ ఆర్డర్లన్నీ, అడ్వాన్సులతో సహా, మరొకరికి పోతాయి. సరుకు రాక తిట్టుకునేది మాత్రం బోర్డు మీద పేరున్నవాడినే.

అందుకని మొదటి పని తన కొట్టును తనదిగా రాయించుకోవడం. పాత రోజుల్లో గూగుల్ పోస్టుకార్డు మీద అంకెలు పంపి సరిచూసుకునేది. ఇప్పుడు ఫోనుకు అంకెలు పంపడమో, వీధి, బోర్డు, కొట్టు లోపలి భాగం కనపడేలా వీడియో తీసి పంపమనడమో చేస్తోంది. ఏ పద్ధతి అన్నది గూగులే నిర్ణయిస్తుంది. ఫోనుకు వచ్చిన అంకెలు ఎవరికీ చెప్పకూడదు. "మేము గూగుల్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ కొట్టు పేరు మ్యాపులోంచి తీసేస్తాం" అని ఫోన్లు వస్తుంటాయి. అవి దొంగ ఫోన్లు. డబ్బు కట్టలేదని పేరు తీసేయడం అన్నది గూగుల్‌లో లేదు.

ఈ పని చేసిపెట్టే ఏజెంట్లు పట్నాలనుంచి వస్తున్నారు. వారిలో నిజాయితీగా పనిచేసేవారూ ఉన్నారు. ఫోటోలు తీయడం, వివరాలు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ పొందికగా రాయడం, వచ్చిన మాటలకు జవాబులివ్వడం అన్నీ పనులే, వాటికి కూలి ఇవ్వవలసిందే. కాని "మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ" అన్నవాడిని మాత్రం గుమ్మం దగ్గరే ఆపాలి. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని వ్యాపారులకు ఇచ్చే సలహాలలో గూగుల్ తానే రాసింది. గోదావరికి ఫలానా తారీఖున వరద వస్తుందని రాసిచ్చినట్టే అది.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ఏజెంటు తన సొంత ఈమెయిలుతో కొట్టును నమోదు చేస్తాడు. అంటే పొలం ఒకరిది, పట్టా మరొకరి పేరున! ఏడాది తిరిగాక ఇద్దరికీ చెడితే పేరు, ఫోటోలు, అన్నేళ్ల నక్షత్రాలు అన్నీ అతని చేతిలో ఉండిపోతాయి. తిరిగి రాబట్టుకోవడానికి గూగుల్‌కు అర్జీ పెట్టుకునే దారి ఉంది గాని దానికి ఓపిక కావాలి. ముందే తన ఈమెయిలుతో నమోదు చేసుకుని, ఏజెంటును "మేనేజరు"గా మాత్రమే చేర్చుకుంటే ఈ తగాదా రాదు. మేనేజరును ఏ రోజైనా తీసేయవచ్చు. యజమాని యజమానిగానే ఉంటాడు. ఈమెయిలు వాడటం రాదనుకుంటే ఇంట్లో ఇంటరు చదివే పిల్ల చాలు.

నక్షత్రాల బేరం

నక్షత్రాలు నిజంగా డబ్బు తెస్తాయా? హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు చెందిన మైకేల్ లూకా అమెరికాలోని సియాటిల్ నగర హోటళ్ల రాబడి లెక్కలను, యెల్ప్ అనే సైటులో వాటికి జనం ఇచ్చిన నక్షత్రాలను పక్కపక్కన పెట్టి చూశాడు. 2011లో వెలువడిన ఆ పరిశీలన ప్రకారం ఒక నక్షత్రం పెరిగితే రాబడి 5 నుంచి 9 శాతం దాకా పెరుగుతోంది. ఊరూరా శాఖలున్న పెద్ద హోటళ్ల మీద మాత్రం నక్షత్రాల ప్రభావం కనపడలేదు. చిన్న సొంత హోటళ్లకే ఆ లాభనష్టాలన్నీ. కారణం తెలిసిందే. పెద్ద హోటలు పేరు జనానికి ముందే తెలుసు. సందులోని హోటలు సంగతి తెలియాలంటే తిన్నవాడు చెప్పాలి.

డబ్బు తెచ్చేదానికి దొంగసరుకు పుట్టకుండా ఉంటుందా? 2017లో లండన్‌లో ఊబా బట్లర్ అనే యువకుడు చేసిన చిత్రం ప్రపంచమంతా నవ్వుకుంది. అంతకుముందు డబ్బు తీసుకుని, తాను గడప తొక్కని హోటళ్ల గురించి పొగడ్తలు రాసిపెట్టినవాడతను. ఒకరోజు తన ఇంటి పెరట్లోని పాకనే హోటలని ట్రిప్ అడ్వైజర్ సైటులో నమోదు చేశాడు. గడ్డం గీసుకునే నురగ, మరుగుదొడ్లు కడిగే బిళ్లలు వంటివాటిని పళ్లెంలో అందంగా సర్ది వంటకాలని ఫోటోలు పెట్టాడు. ఒక వంటకంలో అయితే కనిపించేది అతని పాదమే. స్నేహితుల చేత "అద్భుతం" అని రాయించాడు. ఎవరు ఫోను చేసినా "ఖాళీ లేదండీ" అన్నాడు. ఖాళీ లేదనేసరికి జనానికి ఆత్రం పెరిగింది. మొదట 18,149వ స్థానంలో ఉన్న ఆ పాక ఆరేడు నెలల్లో, నవంబరు 1 నాటికి, లండన్ హోటళ్లన్నింటిలో మొదటి స్థానానికి ఎక్కింది. అప్పటికి అక్కడ ఒక్క మనిషికీ ఒక్క ముద్ద పెట్టలేదు! చివరికి ఒక్క రాత్రి తెరిచి, బజారులో దొరికే చవక భోజనాలు వేడిచేసి వడ్డిస్తే, తిన్నవారిలో కొందరు మళ్లీ వస్తామన్నారు.

ఆ తర్వాత కంపెనీలు కాపలా పెంచాయి. నిబంధనలకు విరుద్ధమైన 17 కోట్లకు పైగా అభిప్రాయాలను 2023 ఒక్క ఏడాదిలోనే అడ్డుకోవడమో, తొలగించడమో చేశామని గూగుల్ ప్రకటించింది. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐ.ఎస్. 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. ఇంటర్నెట్టులో వినియోగదారుల అభిప్రాయాలను ఎలా సేకరించాలి, ఎలా సరిచూడాలి, ఎలా ప్రచురించాలి అన్నవి అందులో ఉన్నాయి. కంపెనీలు ఇష్టపడి పాటించవలసినది గనుక దానివల్ల అంతా చక్కబడిందనడానికి లేదు.

దొంగ నక్షత్రాలు కొనుక్కున్న వ్యాపారికి లాభం కొన్నాళ్లే. ఊరూ పేరూ లేనివాళ్లు ఇరవై మంది ఒకే వారంలో, ఒకే తరహాలో "వెరీ గుడ్" అని రాస్తే యంత్రానికీ అనుమానం వస్తుంది, చూసేవాడికీ వస్తుంది. అవి తీసేస్తారు. వాటితోబాటు ఒక్కోసారి నిజమైనవీ పోతాయి. డబ్బు ఇచ్చి రాయించుకోవడమే కాదు, "అయిదు నక్షత్రాలిస్తే బిల్లులో యాభై రూపాయలు తగ్గిస్తాం" అని బోర్డు పెట్టడం కూడా గూగుల్ నిబంధనలకు విరుద్ధమే. సంతోషంగా వెళ్లేవారిని మాత్రమే ఏరి అడగడమూ పనికిరాదు. అందరినీ ఒకేలా అడగవచ్చు. "మీకు ఎలా అనిపించిందో రాయండి" అని అడిగితే తప్పు లేదు.

అటువైపు మరో మోసం

ఈ నక్షత్రాల వ్యవహారంలో వ్యాపారులకన్నా ఎక్కువ దెబ్బ తింటున్నవారు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువతీయువకులు. "ఇంట్లో కూర్చుని హోటళ్లకు అయిదు నక్షత్రాలు ఇవ్వండి, రోజూ సంపాదించండి" అని వాట్సాపులో వస్తుంది. తర్వాత టెలిగ్రాంలోకి రమ్మంటారు. మొదట నిజంగానే నాలుగు రూపాయలు ఇస్తారు. అక్కడే ఉంది గాలం.

2023 జులైలో హైదరాబాదు పోలీసులు బయటపెట్టిన కేసు ఇలాంటిదే. నగరంలోని ఒక వ్యక్తికి "రేటింగులు ఇచ్చే పార్ట్‌టైం పని" అని టెలిగ్రాంలో కబురు వచ్చింది. మొదట వెయ్యి రూపాయలు కట్టించి లాభం చూపించారు. తర్వాత పెద్ద మొత్తం కట్టించి మళ్లీ లాభం చూపించారు. ఆపైన కట్టించుకోవడమే గాని తిరిగి ఇచ్చింది లేదు. ఆయన పోగొట్టుకున్నది సుమారు 28 లక్షల రూపాయలు. దేశవ్యాప్తంగా ఈ ముఠా కాజేసింది 712 కోట్లని, దీని వెనుక చైనాలోని వ్యక్తులున్నారని పోలీసులు అప్పట్లో చెప్పారు. మోసపోయినవారిలో చదువుకున్నవారే ఎక్కువగా కనిపించడం ఆలోచించవలసిన విషయం. పని చేసినవాడు జీతం తీసుకోవాలి గాని ఎదురు కట్టడమేమిటి అన్న ప్రశ్న మన పొలం కూలీకి వెంటనే తడుతుంది. నిజానికి ఆ ప్రశ్న ఒక్కటే చాలు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బును నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని నాలుగు రోజులు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకుండా ఉంటే డబ్బు పది ఖాతాలు మారిపోతుంది. బ్యాంకు నెంబరు కావలసినవారు ఫోనులో వెతకడం మానేసి ఏటీఎం కార్డు వెనకవైపు గాని, పాసుపుస్తకం మీద గాని ఉన్న నెంబరు చూసుకోవాలి. దేవస్థానాల గదుల బుకింగుకూ ఇదే జాగ్రత్త. 2023 ఏప్రిల్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం ఒక నకిలీ వెబ్‌సైటు మీద ఫిర్యాదు చేసింది. అప్పటికి బయటపడిన నకిలీలలో అది 41వది! ఒకటి రెండు అక్షరాల తేడాతో, చూడటానికి అసలుదానిలాగే ఉండేది.

తిట్టినవాడికి జవాబు

ఎంత మంచి కొట్టుకైనా ఒకరిద్దరు ఒక్క నక్షత్రం ఇచ్చి పోతారు. హైదరాబాదుకు కొరియరులో పంపిన పెట్టె తెరిస్తే రేకులు నలిగి పొడి అయ్యాయని ఒకాయన రాశాడనుకుందాం. "నువ్వు మా పోటీ కొట్టువాడి మనిషివి, మా సరుకు తినే యోగ్యత నీకు లేదు" అని యజమాని జవాబు రాస్తే, ఆ జవాబు చదివేది రాసినవాడు ఒక్కడే కాదు. రేపు కొనబోయే వందమంది చదువుతారు. వాళ్లు రేకుల సంగతి మరిచిపోయి యజమాని నోరు సంగతి గుర్తుపెట్టుకుంటారు. "ప్రయాణంలో నలిగినందుకు విచారిస్తున్నామండి. పెట్టె ఫోటో, బిల్లు నెంబరు పంపండి, మళ్లీ పంపుతాం" అని రాసి, అలాగే పంపితే ఆ ఒక్క నక్షత్రం కూడా కొట్టుకు మంచే చేస్తుంది. రాసినవాడే వచ్చి మాట మార్చుకున్న సందర్భాలూ ఉంటాయి. మార్చుకోకపోయినా నష్టం లేదు. అన్నీ అయిదు నక్షత్రాలే ఉన్న కొట్టును కూడా జనం కొంచెం అనుమానంగానే చూస్తారు.

చెడు మాటను తీసేసే అధికారం యజమానికి లేదు. ఇది చాలామందికి కోపం తెప్పిస్తుంది గాని ఉండకపోవడమే న్యాయం. లేకపోతే ప్రతి కొట్టుకూ అయిదు నక్షత్రాలే మిగులుతాయి. బూతులు, బెదిరింపులు, కులం పేరుతో దూషణ, కొట్టుకు సంబంధం లేని రాతలు, పోటీదారు రాయించినవి మాత్రం గూగుల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పరిశీలించి నిబంధనలకు విరుద్ధమనుకుంటే తీసేస్తారు. ఒకసారి కాదంటే మళ్లీ చూడమని అడిగే వీలుంది. "చెడు మాటలన్నీ రాత్రికి రాత్రి చెరిపేస్తాం" అని డబ్బు అడిగేవాడు వాడే ఉపాయం కూడా ఈ ఫిర్యాదే. అది ఎవరైనా ఉచితంగా చేసుకోగలిగినదే.

కోర్టు సంగతి చూస్తే, ఇంటర్నెట్టులో ఎవరినైనా చికాకు పరిచే రాత రాస్తే జైలులో పెట్టడానికి వీలిచ్చిన 66ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసింది. పరువునష్టం నేరం మాత్రం అలాగే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షను. రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. కాబట్టి కొట్టువాడి మీద కోపంతో అబద్ధం రాసే కొనుగోలుదారు కూడా ఆలోచించుకోవాలి. నిజాన్ని పదిమంది మేలుకోరి చెప్పినవాడికి మాత్రం చట్టంలో రక్షణ ఉంది. రెండు రూపాయల రేకు నలిగిందని కోర్టుకెక్కేవాళ్లు ఉండరు గాని, లక్షలతో ముడిపడిన ఆసుపత్రుల దగ్గర ఈ ప్రశ్నలు వస్తాయి.

డాక్టర్లకు, వకీళ్లకు కట్టుబాట్లు

డాక్టరుకు, మిఠాయి వ్యాపారికి తేడా ఉంది. రోగులను ఆకర్షించడానికి ప్రకటనలు ఇవ్వకూడదని వైద్యుల 2002 నాటి నియమావళి చెబుతోంది. ఆసుపత్రి తెరిచినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొన్నాళ్లు ఊళ్లో లేనప్పుడు తెలియజేయడం వంటివి చేయవచ్చు. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించింది. వెతికినప్పుడు తమ పేరు పైకి వచ్చేందుకు డబ్బు కట్టడం, లైకులు కొనడం, ఎక్కువ రేటింగు కోసం రుసుము కట్టడం డాక్టర్లు చేయకూడదని వాటిలో సూటిగా రాశారు. వైద్య సంఘాల నుంచి వేరే అంశాల మీద, ముఖ్యంగా మందుల పేర్లు రాసే పద్ధతి మీద, గట్టి అభ్యంతరాలు రావడంతో అదే నెల 23న మొత్తం నిబంధనలను నిలిపివేసి, 2002 నాటివాటినే మళ్లీ అమలులో పెట్టారు. పేరును డబ్బుతో పైకి తెచ్చుకోవడం గురించిన ఆ వాక్యం కూడా వాటితోబాటే ఆగిపోయింది. ఆ ఒక్కటైనా విడిగా నిలబెట్టి ఉంటే రోగులకు మేలు జరిగేది.

డాక్టరుకు మరో ఇబ్బంది ఉంది. "ఈయన వైద్యంవల్ల మా నాన్నకు తగ్గలేదు" అని ఎవరైనా రాస్తే, ఆ రోగికి ఏ జబ్బు, ఏ మందులు ఇచ్చారు, ఎందుకు తగ్గలేదు అని డాక్టరు బహిరంగంగా జవాబు చెప్పకూడదు. రోగి గుట్టు కాపాడటం ఆయన ధర్మం. "ఆసుపత్రికి రండి, మాట్లాడదాం" అనడం వరకే ఆయనకు వీలు. అందుచేత డాక్టర్ల విషయంలో రెండో పక్షం కథ ఫోనులో ఎప్పుడూ ఉండదన్న సంగతి చదివేవారు గుర్తుంచుకోవాలి.

వకీళ్లకు ఇంకా గట్టి కట్టుబాటు. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం పని కోసం ప్రచారం చేసుకోరాదు. 2008లో కొంచెం సడలించి పేరు, చిరునామా, ఫోను, నమోదు వివరాలు, చదువు, ఏ రకం కేసులు చూస్తారన్నవి వెబ్‌సైటులో పెట్టుకోనిచ్చారు. రేటింగులు ఇచ్చి, ధరలు కట్టి వకీళ్ల సేవలు అమ్మే సైట్ల మీద చర్య తీసుకోవాలని 2024 జులైలో మద్రాసు హైకోర్టు బార్ కౌన్సిల్‌ను ఆదేశించింది. కాబట్టి అమలాపురం వకీలు పేరు ఫోనులో నక్షత్రాలతో మెరవకపోతే ఆయన దగ్గర పని లేదని అనుకోకూడదు.

బోర్డు లేని ఇళ్లు

ఇన్ని చెప్పుకున్నాక మళ్లీ రేకుల దగ్గరకు వస్తే అసలు చిక్కు అక్కడే ఉంది. మెయిన్ రోడ్డు మీద కొట్టున్నవాళ్లు ఎలాగో ఒకలా ఫోనులోకి ఎక్కుతున్నారు. ఇళ్లలో రేకులు తీసి కొట్లకు అందించే స్త్రీల పేర్లు ఎక్కడా కనపడవు. పొగలో కూర్చుని తీసేది వాళ్లు, నక్షత్రాలు వచ్చేది మరొకరికి. గుమ్మం దగ్గరకు వచ్చినవారికి అమ్మేవారెవరైనా సరే, ఇల్లే కొట్టయినా సరే, గూగుల్‌లో నమోదు చేసుకోవచ్చు. కొనేవారిని నేరుగా కలిసే వ్యాపారమై ఉండాలన్నదే షరతు. ఇంటి చిరునామా అందరికీ తెలియడం ఇష్టం లేకపోతే, కొనేవారి దగ్గరకు తామే సరుకు తీసుకువెళ్లి ఇచ్చేవారు చిరునామా దాచి, ఏయే ఊళ్లకు ఇస్తారో మాత్రమే చూపించే వీలు కూడా ఉంది.

డ్వాక్రా సంఘాలవారు పదిమంది కలిసి ఒకే పేరుతో, ఒకే అమ్మకం చోటుతో నమోదు చేసుకుంటే నిర్వహణ తేలిక. నెయ్యి ఎక్కడిది, బెల్లం ఎక్కడిది, ఎన్ని రోజులు నిలవ ఉంటాయి, సంక్రాంతి ఆర్డర్లు ఏ తారీఖు దాకా తీసుకుంటారు అన్నవి రాస్తే చాలు. వీడియో తీసి పంపమన్నప్పుడు మాత్రం గుమ్మం మీద పేరు కనపడాలి. కుండలు, కట్టెలు, ఆరబెట్టిన రేకులు అన్నీ చూపించి బోర్డు లేకపోతే అర్జీ వెనక్కి వస్తుంది. పెద్ద ఖర్చు అక్కరలేదు. రావులపాలెంలో ఒక చిన్న ఫ్లెక్సీ రాయించుకున్నా సరిపోతుంది.